వెండి నక్షత్రానికి ఐదు మొనలెందుకు?

అమెరికాలో ఆర్డర్ ఆఫ్ ది ఈస్టర్న్ స్టార్ అని ఒక సంఘం ఉంది. పందొమ్మిదో శతాబ్దం నడుమ పుట్టింది, ఇప్పటికీ నడుస్తోంది. 1911లో కాశీలో ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్ అని మరొకటి పుట్టింది. అది పద్దెనిమిదేళ్లు నడిచి 1929లో రద్దయింది. మొదటిది ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఏర్పడింది. రెండోదానికి అధిపతి మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, అప్పటికి పదహారేళ్లు నిండని కుర్రవాడు. రెండింటి సభ్యులూ పెట్టుకున్న గుర్తు మాత్రం ఒకటే. ఐదు మొనల నక్షత్రం.

పేరూ కలిసింది, గుర్తూ కలిసింది. ఇక రెండోది మొదటిదాని నుంచి వచ్చిందనుకోవడానికి అడ్డేముంది? పైగా కృష్ణమూర్తిని చేరదీసిన దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) పుట్టింది న్యూయార్క్‌లో, 1875లో. ఈస్టర్న్ స్టార్ క్రతువులకు స్థిరమైన రూపమిచ్చిన రాబర్ట్ మేకాయ్ పనిచేసిందీ ఆ ఊళ్లోనే. ఆ సంఘపు శాఖలను కలిపే మహాసభ ఏర్పడింది 1876లో, అంటే దివ్యజ్ఞాన సమాజం పుట్టిన మరుసటి ఏడు. ఇన్ని కలిసివస్తే కథ దానంతటదే అల్లుకుంటుంది. అందుకే దాన్ని కొంచెం ఆపి చూడాలి.

ఇక్కడ ప్రశ్న ఒకటి కాదు, రెండు. సంఘంలో చేరినవాడు గుర్తుబిళ్ల ధరించే ఆచారం ఎక్కడి నుంచి వచ్చింది? ఆ బిళ్ల మీది ఆకారం ఎక్కడి నుంచి వచ్చింది? మొదటిదానికి అమెరికా సోదర సంఘాల దారి కనిపిస్తుంది, ఆధారాలూ ఉన్నాయి. రెండోదానికి ఆ ఆధారాలు చాలవు. నేను ఇక్కడ వాదించబోయేది ఇంతవరకే.

*

ముందు అమెరికా సంగతి. అక్కడి తొలి సంఘ పతకాల్లో బాగా పేరుమోసింది సొసైటీ ఆఫ్ ది సిన్సినాటీ వారి గరుడపక్షి. స్వాతంత్ర్య యుద్ధం ముగుస్తున్న 1783లో అమెరికా సైన్యంలోని అధికారులు ఈ సంఘం పెట్టుకున్నారు. యుద్ధం కాగానే కత్తి దింపి నాగలి పట్టుకోవడానికి వెళ్లిన రోమన్ సిన్సినాటస్ పేరు దానికి పెట్టారు. పతకం గీసినవాడు పియరీ లెన్‌ఫాంట్, తరవాత వాషింగ్టన్ నగరానికి నమూనా గీసిన ఆ లెన్‌ఫాంటే. పక్షి రొమ్ము మీద సిన్సినాటస్ కథ చెక్కి ఉంటుంది. సభ్యత్వం తండ్రి నుంచి పెద్దకొడుక్కి వస్తుంది. రాజరికాన్ని తోసేసి పట్టుమని పదేళ్లు కాకముందే వంశపారంపర్యపు బిళ్ల ఏమిటని బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు ఒళ్లు మండింది. 1784లో కూతురికి రాసిన ఉత్తరంలో, ఆ పక్షి గద్దలా లేదు, టర్కీ కోడిలా ఉందని ఎవరో అన్న మాటను పట్టుకుని, అదే నయమని ఎగతాళి చేశాడు. గీసినవాడు బతికుండగా, పెట్టుకున్నవాళ్లు బతికుండగానే ఒక గుర్తును మరొకటిగా చదివిన సందర్భం ఇది. నూరు, నూటయాభై ఏళ్ల తరవాత చదివే మనకు ఇంకెంత జాగ్రత్త కావాలి!

ఫ్రీమేసన్ల బిళ్లలు ఇంకో రకం. బోస్టన్ వెండిపనివాడు పాల్ రివీర్, 1795 నుంచి 1797 దాకా మసాచుసెట్స్ గ్రాండ్ లాడ్జికి గ్రాండ్ మాస్టర్‌గా ఉన్నవాడు, లాడ్జి అనే స్థానిక శాఖల అధికారులు మెడలో వేసుకునే వెండి గుర్తులు తన చేత్తోనే చేశాడు. ఆ గుర్తుల్లో మర్మమేమీ లేదు. మూలమట్టం ఉంటే లాడ్జి మాస్టరు. అడ్డంగా వేసిన రెండు తాళంచెవులు ఉంటే కోశాధికారి. రెండు కలాలు ఉంటే కార్యదర్శి. మన తాసిల్దారు కచేరీలో బిళ్ల బంట్రోతు డవాలీ మీది ఇత్తడి బిళ్ల చేసే పనే ఇది. మనిషి ముఖం చూడకుండా హోదా చెబుతుంది.

సభ్యులు సొంతానికి చేయించుకున్న పతకాలు మాత్రం అంత సూటిగా ఉండవు. పద్దెనిమిదో శతాబ్దం చివర, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో పలుచని వెండి రేకు మీద చేత్తో చెక్కినవి ఇవి. ఒక్క బిళ్ల మీదే వృత్తలేఖిని, మూలమట్టం, రెండు స్తంభాలు, తేనెపట్టు, ఇసుక గడియారం, నిచ్చెన, లంగరు, ఓడ, శవపేటిక, కాంతి చిమ్మే కన్ను, పైన సూర్యుడు, చంద్రుడు, ఏడు చుక్కలు. ఖాళీ జాగా వదలడం ఆ పనివాళ్లకు ఇష్టముండదేమో అనిపిస్తుంది. ప్రతి బొమ్మకూ లాడ్జిలో చెప్పే పాఠం ఉంది. తేనెపట్టు కష్టపడి పనిచేయడానికి, ఇసుక గడియారం ఆయుష్షు కరిగిపోవడానికి.

సూర్యచంద్రుల దగ్గర ఆగుదాం. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో తిరిగినవాళ్లకు ఈ జంట కొత్త కాదు. పొలాల గట్ల మీద, గుళ్ల ప్రాకారాల మీద ఉన్న దానశాసనాల తలమీద సూర్యుడూ చంద్రుడూ చెక్కి ఉంటారు. వాటి అర్థం వెతుక్కోనక్కరలేదు, శాసనంలోనే ఉంటుంది. ఈ దానం ఆచంద్రార్కం సాగాలి, సూర్యచంద్రులున్నంత కాలం చెల్లాలి. అమెరికా మేసన్ బిళ్ల మీది సూర్యచంద్రులు చెప్పేది వేరు. సూర్యుడు పగటిని, చంద్రుడు రాత్రిని ఎలా క్రమంగా నడుపుతారో మాస్టరు లాడ్జిని అలా నడపాలని వాళ్ల పాఠం. బొమ్మలు రెండూ పక్కపక్కన పెడితే తేడా చెప్పడం కష్టం. అర్థాలకు మాత్రం ఎక్కడా పొత్తు లేదు. శాసనం రాత, లాడ్జి పాఠం చేతిలో ఉన్నాయి కాబట్టి ఈ మాట ధైర్యంగా అనగలుగుతున్నాం. అవి రెండూ పోయి రాయీ రేకూ మాత్రమే మిగిలి ఉంటే, బోస్టన్‌కూ చంద్రగిరికీ ఏదో ప్రాచీన బంధం ఉందని ఎవరో ఒకరు పుస్తకం రాసేవారు.

అంతర్యుద్ధ కాలం నుంచి అమెరికాలో ఇలాంటి సంఘాలు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి. 1819లో బాల్టిమోర్‌లో మొదలైన ఆడ్ ఫెలోస్ వారి మూడు గొలుసు కడియాలు స్నేహం, ప్రేమ, సత్యం. 1864లో నైట్స్ ఆఫ్ పిథియాస్ వచ్చింది. చేత్తో చెక్కే వెండి పోయి అచ్చు యంత్రంతో కొట్టిన లోహపు బిళ్లలు, పట్టు రిబ్బన్లు వచ్చాయి. ఆ రిబ్బన్లలో ఒకటి దగ్గరగా చూడదగ్గది. ఒకవైపు ఎరుపో నీలమో రంగు, బంగారు జరీ, లాడ్జి పేరు, ఊరు, నంబరు. తిప్పితే నలుపు, దాని మీద వెండి రంగు అక్షరాలతో స్మృత్యర్థం అన్న మాట. ఊరేగింపుకు రంగు వైపు, తోటి సభ్యుడి అంత్యక్రియలకు నలుపు వైపు. పైనున్న పిన్ను రెండువైపులకూ సరిపోయేలా ఉంటుంది. చాలా సంఘాలు సభ్యుడి దహన ఖననాల ఖర్చూ, వెనక మిగిలిన కుటుంబానికి సాయమూ చూసుకునేవి. నలుపు వైపు ఉత్త అలంకారం కాదు, సంఘం ఇచ్చిన మాట. ప్రతీకలంటే కన్నూ త్రికోణమూ అని వెతికే చాలామంది ఈ రిబ్బన్ వెనకవైపు చూడరు. నా లెక్కన సోదర సంఘాల అసలు సంగతి ఎక్కువగా అక్కడే ఉంది.

*

ఈస్టర్న్ స్టార్ నక్షత్రానికి వద్దాం. రాబ్ మోరిస్ అనే మేసన్ 1850 ప్రాంతంలో దాన్ని రూపొందించాడు, మేకాయ్ స్థిరపరిచాడు. ఆ బిళ్ల చూడగానే పట్టేయవచ్చు. నక్షత్రం తలకిందులుగా ఉంటుంది, ఒక మొన కిందికి. ఐదు మొనలకు ఐదు రంగుల మీనా పని. నీలం అదాకు, పసుపు రూతుకు, తెలుపు ఎస్తేరుకు, ఆకుపచ్చ మార్తకు, ఎరుపు ఎలెక్టాకు. ఐదుగురూ బైబిలు నుంచి తీసుకున్న స్త్రీలు. ఒక్కొక్క మొనలో ఒక్కో చిన్న బొమ్మ కూడా ఉంటుంది. అదాకు కత్తీ మేలిముసుగూ, రూతుకు ధాన్యపు పన, ఎస్తేరుకు కిరీటమూ రాజదండమూ, మార్తకు విరిగిన స్తంభం, ఎలెక్టాకు పానపాత్ర. నడుమ ఐదు భుజాల గడి, అందులో బలిపీఠం. కొన్నింటి మీద ఎఫ్, ఏ, టీ, ఏ, ఎల్ అనే ఐదు అక్షరాలు. ఈ నక్షత్రంలో ఐదు అన్న సంఖ్యకు పని ఉంది. ఒక మొన తీసేస్తే ఒక స్త్రీ కథ పోతుంది.

కృష్ణమూర్తి సంఘం నక్షత్రంలో ఇవేవీ లేవు. అది ఉత్త వెండి నక్షత్రం. పిన్నుగానో, బ్రోచిగానో, మెడలో డాలర్‌గానో ధరించేవారు. రంగుల్లేవు, బొమ్మల్లేవు. ఈ తేడా చిన్నది కాదు. ఒకదాని నుంచి మరొకటి తీసుకున్నవాళ్లు రంగులు వదిలేయొచ్చు, తలకిందులుగా ఉన్నదాన్ని నిలబెట్టొచ్చు. ఐదుకున్న అర్థాన్ని పూర్తిగా వదిలేసి ఆకారం ఒక్కటే తీసుకున్నారనాలంటే మాత్రం, తీసుకున్నట్టు చెప్పే కాగితమేదో కావాలి.

పేరు సంగతి వేరు. రెండు పేర్లకూ మూలం మత్తయి సువార్తలోని కథ. తూర్పున కనిపించిన నక్షత్రాన్ని పట్టుకుని బాలుణ్ని వెతుక్కుంటూ జ్ఞానులు వచ్చిన కథ అది. ఇంగ్లీషు చదువుకున్న వాళ్లకు, క్రైస్తవ కుటుంబాల్లో పెరిగినవాళ్లకు ఆ కథ పుట్టినప్పటి నుంచీ తెలుసు. జగద్గురువు రాబోతున్నాడని చెప్పదలచుకున్న కృష్ణమూర్తి సంఘానికి అంతకన్నా దగ్గరగా దొరికే పోలిక ఏముంటుంది? ఇద్దరు ఒకే బావిలో నీళ్లు తోడుకున్నంత మాత్రాన ఒకరి కడవ నుంచి మరొకరు వంచుకున్నారని చెప్పలేం.

*

ఇప్పుడు మదనపల్లె. 1895 మేలో కృష్ణమూర్తి ఇక్కడ పుట్టాడు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రి జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, 1882 నుంచి దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది, 2022లో మళ్లీ విడిపోయి అన్నమయ్య జిల్లాలోకి పోయింది. అందువల్ల ఈ కుటుంబం గురించి, ఈ ఊరి దివ్యజ్ఞాన శాఖ గురించి పాత రికార్డులు వెతికేవాళ్లు 1911కు ముందువి కడప పేరు కింద చూడాలి. ఇది మరిచి చిత్తూరు దస్త్రాలు తిరగేసి, ఏమీ లేదని తేల్చేస్తే ఆ తప్పు రికార్డులది కాదు.

నారాయణయ్య చేరిన సమాజానికి సోదర సంఘపు పోలికలు పుట్టుకతోనే ఉన్నాయి. స్థాపకుల్లో ఒకరైన కర్నల్ హెన్రీ ఆల్కాట్ న్యూయార్క్‌లో ఫ్రీమేసన్. తొలి ఏళ్లలో సభ్యులు ఒకరినొకరు గుర్తుపట్టడానికి సంకేతాలు పెట్టుకున్నారు, సభ్యత్వాన్ని అంతస్తులుగా విభజించారు. సమాజాన్ని మేసన్ల పద్ధతిలో క్రతువులున్న సంఘంగా మార్చేద్దామా అన్న ఆలోచన కూడా సాగింది. ఈ సంగతి బయటివాళ్లు వేసిన నింద కాదు, ఆల్కాట్ తన జ్ఞాపకాల్లో తానే రాసుకున్నాడు. బిళ్ల ధరించే అలవాటుకు అమెరికా దారి ఉందన్న నా మాటకు బలమైన ఆధారం ఇదే. ఒకరి ఆకారం మరొకరి ఆకారాన్ని పోలి ఉండటం మీద ఇది ఆధారపడలేదు, చేసినవాడు చెప్పిన మాట మీద నిలబడింది.

సమాజపు ముద్రను కూడా చూడాలి, ఎందుకంటే అది కాలం చెబుతుంది. తన తోకను తాను మింగే పాము, దాని తల దగ్గర చిన్న వలయంలో స్వస్తిక. పాము లోపల ఒకదానిలో ఒకటి అల్లుకున్న రెండు త్రికోణాలు, అంటే ఆరు మొనల నక్షత్రం. దాని నడుమ ఈజిప్టువాళ్ల పిడి ఉన్న శిలువ. ఇప్పటి ముద్రలో పైన ఓంకారం, చుట్టూ సత్యాన్నాస్తి పరో ధర్మః అన్న నినాదం. ఇందులో చాలా భాగం సమాజపు మరో స్థాపకురాలు మేడమ్ బ్లావట్‌స్కీ సొంత ముద్రను పోలి ఉంటుంది. ఆమె ముద్రలోనూ పాము, జంట త్రికోణాలు, స్వస్తిక ఉన్నాయి. సమాజం ముద్ర మొదట ఒక మనిషి ఉత్తరాల మీది ముద్ర నుంచి పెరిగిందనడం సబబే.

నినాదం మాత్రం ఆమెది కాదు. అది కాశీ మహారాజు వంశ నినాదం. స్థాపకులు 1879 ఫిబ్రవరిలో బొంబాయిలో దిగారు, ఆ తరవాతే ఆ మాట సమాజానికి వచ్చింది. కనుక ఆ నినాదం ఉన్న బ్రోచి గానీ పతకం గానీ న్యూయార్క్ తొలినాళ్లదని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు. ఒక్క వాక్యం ఒక వస్తువు వయసుకు ఇలా పై హద్దు గీస్తుంది. పాము, త్రికోణం, స్వస్తిక ఎన్ని శతాబ్దాలవైనా వస్తువు వయసు చెప్పడంలో ఈ పాటి సాయం చేయవు.

స్వస్తిక గురించి ఒక మాట. మన ఇళ్ల గుమ్మాల మీద, పెళ్లి పత్రికల మీద, దుకాణం కొత్త ఖాతా పుస్తకం మొదటి పుట మీద ఉన్న గుర్తు అది. దివ్యజ్ఞాన సమాజం ముద్రలో దాన్ని చూసి మన సంప్రదాయానికి దక్కిన గౌరవమని కొందరు సంతోషిస్తారు. అయితే సమాజపు తొలి ముద్ర భారతదేశం చూడకముందే న్యూయార్క్‌లో తయారైంది. అప్పటికే స్వస్తిక యూరప్ పురాతత్వ పుస్తకాల్లో విరివిగా కనిపిస్తోంది. మదనపల్లె పాఠకుడికి ఆ గుర్తు ఇంటి గుర్తుగా తోచడం నిజం, దాన్ని ఆ ముద్రలో పెట్టినవాళ్లకు పుస్తకాల దారిన దొరికి ఉండవచ్చన్నదీ కాదనలేని సంగతి.

ఆరు మొనల నక్షత్రం సమాజానిది, ఐదు మొనలది కృష్ణమూర్తి సంఘానిది. పాత ఫొటోల్లో పైట మీదో కోటు మీదో మెరిసే చిన్న నక్షత్రాన్ని చూసి ఏ సంఘమో తేల్చే ముందు మొనలు లెక్కపెట్టాలి. ఫొటో మసకగా ఉండి లెక్క తేలకపోతే నక్షత్రం అని మాత్రం రాసి ఊరుకోవాలి.

*

1911 జనవరిలో దివ్యజ్ఞాన సమాజానికి చెందిన జార్జ్ అరండేల్ కాశీలో ఆర్డర్ ఆఫ్ ది రైజింగ్ సన్ అని చిన్న సంఘం మొదలుపెట్టాడు. కొద్ది నెలల్లోనే అది ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్ అయింది. అధిపతి కృష్ణమూర్తి, సంరక్షకురాలు సమాజ అధ్యక్షురాలైన అనీబిసెంట్. ఉదయించే సూర్యుడు తూర్పు తార అయ్యాడన్నమాట. సంఘం చెప్పదలచుకున్న మాట మారలేదు, బొమ్మ మారింది. కాబట్టి నక్షత్రం ఈ సంఘానికి విత్తనం కాదు, రెండో ఎంపిక. దాని వెనక పురాతన పరంపర ఏదో ఉందని చెప్పేవాళ్లు ఈ కొద్ది నెలల సూర్యుణ్ని ఎక్కడ పెడతారో చెప్పాలి.

ఐదు మొనలకు అర్థాలున్నాయా? సంఘంలో చేరేవాళ్లు ఒప్పుకోవలసిన ప్రకటనలో ఆరు అంశాలున్నాయి. ఒక మహాగురువు త్వరలో వస్తాడన్న నమ్మకం అందులో మొదటిది. అలవరచుకోవాల్సిన గుణాలుగా ప్రత్యేకంగా చెప్పినవి మూడు, భక్తి, స్థైర్యం, మృదుత్వం. ఆరు అంశాలు, మూడు గుణాలు, ఐదు మొనలు. ఎటునుంచి కలిపినా లెక్క కుదరదు. ఈస్టర్న్ స్టార్ మొనకొక పేరు రాసిపెట్టింది. ఈ సంఘం తన మూల ప్రకటనలో అలాంటి పని చేయలేదు. పంచభూతాలు, పంచేంద్రియాలు, పంచకోశాలు అంటూ మనం తరవాత అతికించగలిగినవి ఎన్నైనా ఉన్నాయి, ఐదుకు మన దగ్గర కరువా? అవి చదివేవాడి చమత్కారాలు, సంఘం చెప్పినవి కావు.

దివ్యజ్ఞానుల లోపలి అర్థం ఒకటి ఉందని వాదించవచ్చు. కృష్ణమూర్తిని సమాజ కేంద్రమైన అడయారులో 1909లో గుర్తించిన లెడ్‌బీటర్, దీక్ష జరిగే ఘట్టంలో శిరస్సు మీద నక్షత్రం మెరవడాన్ని గురించి తన మాస్టర్స్ అండ్ ది పాత్ పుస్తకంలో రాశాడు. వినడానికి సరిగ్గా సరిపోతుంది. కానీ ఆ పుస్తకం వచ్చింది 1925లో. పద్నాలుగేళ్ల తరవాత అచ్చయిన వివరణను 1911లో తీసుకున్న నిర్ణయానికి కారణంగా చూపాలంటే నడుమ ఏదో ఒక మెట్టు ఉండాలి. ఆ భావన ఆ వర్గంలో ముందే చలామణిలో ఉండి ఉండవచ్చు, అలాంటి వర్గంలో అది సహజం కూడా. అయినా ఉండవచ్చు అన్నమాట ఉంది అన్నమాట కాదు.

మరో దారి మేసన్లదే. అనీబిసెంట్ 1902లో స్త్రీలను కూడా చేర్చుకునే కో-మేసన్రీలో చేరి, దాని వ్యాప్తికి చాలా పాటుపడింది. మేసన్ల చిత్రాల్లో కాంతి చిమ్మే నక్షత్రం తరచు ఐదు మొనలతోనే ఉంటుంది. ఈ దారి అమెరికా ఈస్టర్న్ స్టార్ దారికన్నా దగ్గరిది. ఎందుకంటే మధ్యలో ఉన్నది ఊహ కాదు, ఒక మనిషి. ఆ మనిషి ఆ నక్షత్రాన్ని చూసిందనడానికి సందేహం లేదు. చూసినదాన్నే తీసుకుందనడం ఇంకో అడుగు. నేను ఆ అడుగు వేయను గానీ, ఎవరైనా వేయదలిస్తే ఇటువైపే వేయమంటాను.

ఈ సంఘం అమెరికా సంఘాల నుంచి ఏం తీసుకోలేదో కూడా చూడాలి. చందా లేదు. మెట్లు మెట్లుగా ఎక్కే దీక్షలు లేవు. అంత్యక్రియల నలుపు రిబ్బన్ లేదు, విధవలకు నిధి లేదు. ఒక యోగ్యతాపత్రం, ఒక వెండి నక్షత్రం, అంతే. 1911 డిసెంబర్ 28న కాశీలో కొత్త సభ్యులకు కృష్ణమూర్తి స్వయంగా యోగ్యతాపత్రాలు అందించాడు. తీసుకోవడానికి వరసలో వచ్చినవాళ్లు ఒకరి తరవాత ఒకరు ఆయన కాళ్ల మీద పడ్డారు. అక్కడున్న దివ్యజ్ఞానులు ఆ రోజును పవిత్రదినంగా జరుపుకోవడం మొదలుపెట్టారు. ఆ వేళ చేతులు మారింది కాగితమని గమనించాలి. పేరు, తేదీ, సంతకం ఉన్న కాగితం ఉంటే పిన్ను ఎవరిదో తెలుస్తుంది. కాగితం లేని పిన్ను ఉత్త వెండి.

*

తిరుపతి ప్రాంతంలో గుర్తు ధరించడమన్నది కొత్తగా నేర్చుకున్న సంగతేమీ కాదు. శ్రీవైష్ణవ సమాశ్రయణంలో కాల్చిన చక్రం కుడి భుజం మీద, శంఖం ఎడమ భుజం మీద వేస్తారు. ఆచార్యుడి ద్వారా ఒక పరంపరలో చేరినట్టు అది సాక్ష్యం. సోదర సంఘం బిళ్లకు ఇక్కడ దొరికే దగ్గరి పోలిక ఇదేనని నాకు అనిపిస్తుంది. దీక్ష ఉంది, గురువు ఉన్నాడు, గుర్తు ఉంది. తేడా ఏమిటంటే బిళ్ల తీసి పెట్టెలో పెట్టవచ్చు.

శ్రీవారి డాలర్ ఈ కోవలోకి రాదు. కొండ మీద దేవస్థానం అమ్మే బంగారు, వెండి డాలర్‌ను ఎవరైనా కొనవచ్చు, ఎవరి మెడలోనైనా వేయవచ్చు. అది భక్తి చెబుతుంది, సభ్యత్వం చెప్పదు. వేంకటేశ్వరుడి బొమ్మ ఉన్న వరహాలూ అంతే. 1586 నుంచి 1614 దాకా ఏలిన వేంకటపతిదేవరాయలు, చంద్రగిరిని రాజధాని చేసుకున్న ఆ రాయలు, ఒకవైపు తోరణం కింద నిలబడిన స్వామిని, మరోవైపు నాగరి లిపిలో ఆయనకు నమస్కారాన్ని వేయించాడు. తరవాత మద్రాసులోని ఈస్టిండియా కంపెనీవాళ్లు స్వామినీ ఇరువైపులా దేవేరులనూ వేసిన మూడు స్వాముల వరహా కొట్టారు. కంపెనీకి వైష్ణవం పట్టిందనా? బజారులో చెల్లాలి కాబట్టి. ఒకే దేవుడి బొమ్మ రాయల చేతిలో భక్తి, కంపెనీ చేతిలో చెలామణి. ఎవరు వేయించారో తెలియకుండా బొమ్మ అర్థం చెప్పడానికి కూర్చోవడం ఎంత ప్రమాదమో దీన్ని మించి చూపేది దొరకదు.

మేసన్ల జాడ కూడా ఇక్కడ ఉంది. ఆర్కాటు నవాబు మహమ్మదాలీ కొడుకు ఉమ్దత్ ఉల్ ఉమ్రా 1770లలో తిరుచిరాపల్లిలో ఫ్రీమేసన్ అయ్యాడు. ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి అందుకు మురిసిపోయి కానుకలు పంపింది. ఆయన 1795లో నవాబు అయ్యాడు, 1801లో చనిపోయాడు. ఆ ఏడే కర్ణాటక రాజ్యం, దానితోబాటు చిత్తూరు, తిరుపతి కంపెనీ చేతికి పోయాయి. చిత్తూరు పట్టణంలో సభలూ ఎగ్జిబిషన్లూ జరిగే మైదానాన్ని జనం మెసానికల్ గ్రౌండ్ అంటారు. ఆ పేరులో లాడ్జి వాసన ఉంది. నవాబు దీక్షకూ ఈ మైదానానికీ ముడిపెట్టడానికి మాత్రం నడుమ పెద్ద ఖాళీ ఉంది.

అరండేల్, అనీబిసెంట్ ఇద్దరికీ మదనపల్లెతో తరవాత మరో రకం గుర్తుల సంబంధం ఏర్పడింది. 1915లో ఇక్కడ దివ్యజ్ఞాన కళాశాల వెలిసింది. మరుసటి ఏడు అనీబిసెంట్ హోంరూల్ లీగ్ పెట్టింది. ఎరుపు, ఆకుపచ్చ పట్టీలతో, సప్తర్షి మండలంలా అమర్చిన ఏడు నక్షత్రాలతో హోంరూల్ జెండా వచ్చింది. ఆ రెండు రంగుల గుర్తులు ధరించడం అప్పట్లో రాజకీయం. 1917 జూన్‌లో ప్రభుత్వం అనీబిసెంట్‌ను, అరండేల్‌ను, వాళ్ల సహచరుడు బి.పి. వాడియాను నిర్బంధించింది. ఆరేళ్ల ముందు వెండి నక్షత్రాల సంఘాన్ని మొదలుపెట్టిన చేతులే ఎరుపు ఆకుపచ్చ గుర్తులు పంచాయి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ ఈ కళాశాలకు వచ్చి, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే. పరుగులాంటి ఆ ఏళ్లలో ఒక యువకుడి కోటు మీద ఏ గుర్తు ఉందో, దాన్ని బట్టి అతను దేనికి కట్టుబడ్డాడో ఊళ్లో అందరికీ తెలిసేది.

*

1927లో సంఘం పేరు మారింది. గురువు వచ్చేశాడని ప్రకటించారు కనుక తూర్పు వైపు చూడనవసరం లేదు. ఆర్డర్ ఆఫ్ ది స్టార్ అని కుదించారు. నక్షత్రం అలాగే ఉంది. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్ శిబిరంలో, మూడు వేలకు పైగా సభ్యుల ముందు కృష్ణమూర్తి సంఘాన్ని రద్దు చేశాడు. సత్యాన్ని సంఘంగా కట్టడం కుదరదన్నది ఆయన చెప్పిన కారణం. సంఘానికి వచ్చిన ఆస్తులు ఇచ్చినవాళ్లకు తిరిగి వెళ్లాయి. పిన్నులూ డాలర్లూ ఎవరివి వాళ్ల దగ్గరే ఉండిపోయాయి.

రాయలసీమలో ఏ పాత ట్రంకుపెట్టెలోనైనా ఐదు మొనల వెండి నక్షత్రం దొరికితే ముందు చూడాల్సింది ముందువైపు కాదు. వెనక పిన్ను టంకం పెట్టి అతికించిందా, అచ్చులోనే వచ్చిందా, వెండి నాణ్యపు ముద్ర ఉందా, ఏ ఊరి పనివాడి గుర్తు ఉందా అని చూడాలి. మొన పైకుందా కిందికుందా, మీనా ఊడిన జాడలేమైనా మూలల్లో ఉన్నాయా అన్నది తరవాత. రంగు జాడ కనిపిస్తే అది ఈస్టర్న్ స్టార్‌ది కావచ్చు, అలాంటప్పుడు ఆ ఇంట్లో అమెరికా వెళ్లివచ్చినవాళ్లో, మిషనరీ కుటుంబాలతో స్నేహమున్నవాళ్లో ఉన్నారేమో అడగాలి. పెట్టెలోనే సభ్యత్వ కాగితం దొరికితే దాని మీది పేరు చూడాలి. ఇన్ ది ఈస్ట్ అని ఉంటే 1911కూ 1927కూ నడుమది. ఆ మూడు మాటలు లేకపోతే చివరి రెండేళ్లది. ఆ రెండేళ్లలో కొత్తగా చేరినవాళ్లు సంఘం గడప దాటి లోపలికి వస్తుండగానే, అధిపతి తలుపులు మూసే పనిలో ఉన్నాడు.